సముద్రానికి ఎగువ ఏ వైపు?

ముందుగానే మన్నించమని అడుగుతున్నాను. తల నెరిశాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే సరిచేసుకుని చదవండి. నా చెయ్యి మెల్లగా నడుస్తుంది, కథా అంతే.

ధవళేశ్వరం పడవల రేవు పక్కనున్న ఇంట్లో ఆ పొద్దున మరిడమ్మ అల్లుడికి చద్దన్నం వడ్డిస్తోంది. అల్లుడు పల్లంరాజు రంగూన్‌లో బియ్యపు మిల్లులో పనిచేస్తాడు. భార్యను తీసుకువెళ్ళాలని నిన్ననే వచ్చాడు. రాత్రి ఆ సంగతి ఎత్తితే మరిడమ్మ మాట మార్చేసింది. ఇప్పుడు తనే కదిపింది.

"రంగూన్ ఎంత దూరం బాబూ?"

"తొమ్మిది వందల మైళ్ళ దాకా ఉంటుందంటారండి."

"మైళ్ళు నాకేం తెలుస్తాయి? ఎన్నాళ్ళ ప్రయాణమో చెప్పు."

"కాకినాడలో స్టీమరెక్కితే ఐదో రోజుకి దిగిపోతామండి."

"అంతేనా! మీ మావయ్య పడవ భద్రాచలం చేరడానికి అంతకు రెండింతలు పడుతుంది!"

కూతురు తలుపులమ్మ మొహం విప్పారింది. "అయితే పంపుతావా అమ్మా?"

"పంపను. పోవడం సరే, రావడం మాటేంటి?"

మరిడమ్మ పుట్టిందీ మెట్టిందీ పడవలవాళ్ళ ఇళ్ళలోనే. దిగువకి హాయిగా జారిపోయే పడవను ఎగువకి తీసుకురావాలంటే, మనుషులు ఒడ్డున తాడు భుజానికేసుకుని రోజుల తరబడి లాగాలి. ఏ ప్రయాణానికైనా ఒక ఎదురు ఉంటుందనే ఆమెకు తెలుసు.

"అంత జోరుగా పోయే ఓడ తిరిగి ఎదురెక్కాలంటే ఎన్ని నెలలో! తాడు లాగడానికి సముద్రంలో ఒడ్డయినా ఉండదు. మగవాడు గనక మీ ఆయన ఎలాగో వచ్చాడు. మీ పాపాయమ్మ పిన్ని రంగూన్ వెళ్ళి పదేళ్ళు. రాగలిగిందా నా చెల్లెలు? రేపు నాకేదైనా అయితే నువ్వు అందుతావా?"

"రెండేళ్ళుగా మొగుడి మొహం చూడకుండా ఉన్నాను, అది నీకు పట్టదా? ఇంట్లో కట్టేసుకునేదానివి పెళ్ళెందుకు చేశావు?" అంది తలుపులమ్మ.

పల్లంరాజు అన్నం కలపడం ఆపాడు. "అత్తయ్యా, సముద్రానికి ఎగువా దిగువా లేవండి. ఓడ బొగ్గుతో నడుస్తుంది. వెళ్ళేటప్పుడెంతో వచ్చేటప్పుడూ అంతే. నేనూ ఐదో రోజుకే దిగాను."

"ఎదురుగాలి వస్తే?"

"ఓ పూట ఆలస్యమవుతుందండి."

"తాడు లేకుండానే?"

"లేకుండానేనండి."

మరిడమ్మ గరిటె పట్టుకునే కూలబడింది. "మరైతే మా పాపాయి ఎందుకు రాలేదు?"

పల్లంరాజు కంచం పక్కకి జరిపాడు. "నేనూ అడిగానండి. 'అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే అక్క ఇల్లే. పుట్టింటివాళ్ళు పిలవందే ఆడపిల్ల ఎలా వెళ్తుందయ్యా' అన్నారు. ఓడ వచ్చిందంటే చాలు, రేవుకొచ్చి 'ధవళేశ్వరం వాళ్ళెవరైనా దిగారా? మా అక్క ఏమైనా చెప్పి పంపిందా?' అని అడుగుతుంటారు."

"రాలేనిదాన్ని పిలిచి ఏడిపించడం ఎందుకనుకున్నాను బాబూ." మరిడమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఐదు రోజులా! ఉత్త ఐదు రోజులా!"

తలుపులమ్మ కోపం మరిచి తల్లిని ఆనుకుని కూర్చుంది. చాలాసేపటికి మరిడమ్మ లేచి, కుంకుమ పొట్లం కట్టి కూతురి చేతిలో పెట్టింది.

"ఓడ దిగగానే ముందు పిన్ని ఇంటికి వెళ్ళు. నేనొచ్చి పెట్టినట్టే బొట్టుపెట్టి, అక్క రమ్మందని చెప్పు."

"ఇంత కుంకమెందుకే అమ్మా, ఒక్క బొట్టుకి?"

"పదేళ్ళవీ కలిపి పెట్టు" అంది మరిడమ్మ.

ఇట్లు,
మహాలక్ష్మమ్మ. వయసు అరవై మూడు. ఇప్పుడుంటున్నది కాకినాడ జగన్నాథపురంలో.