ఆపరేషన్ స్పెషలైజేషన్

"సాయంత్రంలోగా నీ మేనకోడలు స్పెషలైజేషన్‌గా రీప్రాసెసింగ్ తీసుకుందంటే, ఇక ఆ పిల్ల మనకు దక్కదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ త్రాసు లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు.

చీఫ్ క్లుప్తంగా వివరించాడు. రీప్రాసెసింగ్ అంటే రియాక్టర్లో వాడేసిన ఇంధనంలోంచి ప్లుటోనియం విడదీసే చదువు. అది ఎంచుకున్న విద్యార్థులకు ఒక విదేశీ ముఠా స్కాలర్‌షిప్ ఎర వేస్తోంది. విమానం దిగగానే పాస్‌పోర్టు లాక్కుంటుంది. ఆపైన చదువూ లేదు, ఫోనూ లేదు. ఏదో రహస్య కర్మాగారంలో బాంబుకు ప్లుటోనియం తయారు చేస్తూ బతకాలి. ముఠాలో మనకో డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. విదేశీ ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు నీ మేనకోడలు చదివే యూనివర్సిటీలోనే విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉంది. ఎర వేసేదెవరో ఆమే పట్టిస్తుంది. అందాకా మేనకోడలితో సహా ఎవరికీ ఒక్క ముక్క చెప్పకూడదు.

సరుకు తనది, నోరు విప్పే హక్కు లేదు. ఇంతకన్నా నష్టపు బేరం త్రాసు ఎరగడు.

చుట్టాల దృష్టిలో అతను రేడియేషన్ మీటర్లు అమ్ముకునే డీలరు. ఆ వేషంలోనే యూనివర్సిటీలో అణు ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంటుకు వెళ్లాడు. చేతిలో మీటరు పెట్టె, గుండీలో కెమెరా, పెన్నులో మైకు. కారిడార్లో మేనకోడల్ని పట్టుకుని రియాక్టర్ డిజైన్ మంచిదన్నాడు, మెడికల్ ఐసోటోప్స్ ఇంకా మంచివన్నాడు. చివరికి రీప్రాసెసింగ్‌కు మార్కెట్ లేదని కూడా అన్నాడు.

"నువ్వు మీటర్లు అమ్ముకో మావయ్యా. అమ్మ ఒకటి చెబుతుంది, నాన్న ఇంకొకటి. నాకేం కావాలని ఒక్కరైనా అడిగారా?"

అడిగి ఉండాల్సింది. త్రాసుకు తన మీద తనకే చిరాకేసింది.

అంతలో నెమలి వచ్చింది. చీరకట్టు దగ్గర్నుంచి చెప్పుల దాకా వంక పెట్టడానికి లేదు.

"మీటరుకు గ్యారంటీ ఉందా?" అంది. కోడ్ ప్రశ్న.

"అమ్మినవాడు బతికున్నంతవరకు," అన్నాడు. కోడ్ జవాబు.

ఆమె మేనకోడలికి హాట్ ల్యాబ్ చూపిస్తానంది. రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసే గది అది. ముగ్గురూ తెల్లకోట్లు తొడుక్కుని, బ్యాడ్జీలు తగిలించుకుని లోపలికి వెళ్లారు. మందపాటి గోడల మధ్య పెన్ను మైకు మూగబోయింది. నెమలి తన పాత ప్లాంటు కబుర్లు చెబుతూ, కోటు జేబులోంచి లిప్‌స్టిక్ తీసి, రేడియేషన్‌ను ఆపే సీసపు అద్దంలో చూసుకుంటూ పెదవులు దిద్దుకుంది. త్రాసు గుండీ కెమెరాతో గదంతా ఫొటోలు తీశాడు. పనికొచ్చేది ఒక్కటీ లేదు.

బయట నెమలి ఆఫీసు గదిలో మేనకోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. గడువు నిమిషాల్లోకి వచ్చింది. రీప్రాసెసింగ్ మీద క్లిక్ చేసింది. 'ఖాయమేనా?' అని స్క్రీన్ అడిగింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని త్రాసు నోరు తెరవబోయాడు.

ఆమె వేలు ఆగింది. "మేడమ్, మీ ప్లాంటులో కూడా లోపల లిప్‌స్టిక్ వేసుకునేవారా?"

"రోజూ," అని నవ్వింది నెమలి.

మేనకోడలు నవ్వలేదు. "లోపల చూయింగ్ గమ్ నమిలాడని మా సీనియర్‌ని ల్యాబ్‌లోకే రానివ్వడం మానేశారు. నోటికి చెయ్యి తగిలితే రేడియోధార్మిక ధూళి కడుపులోకి పోతుంది. మాకు నేర్పే మొదటి పాఠం అది. మీరు ఏ ప్లాంటులోనూ పనిచెయ్యలేదు."

అప్పటికి గాని త్రాసుకు లెక్క తేలలేదు. ఆ ప్లాంటు అనుభవం అబద్ధమైతే నెమలి చరిత్ర అంతా అబద్ధమే. ఆమె ముఠా మనిషే, ఎర వేసేది ఆమే.

నెమలి చెయ్యి సొరుగులోకి వెళ్లింది. సైలెన్సర్ తొడిగిన పిస్తోలు బయటికి వచ్చేలోగా త్రాసు మీటరు పెట్టె ఆమె మణికట్టు మీద పడింది. సంకెళ్లు పడ్డాయి.

మేనకోడలు సంకెళ్లనూ మావయ్యనూ మార్చి మార్చి చూసింది. అడగాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి. కాని స్క్రీన్ మీద సెకన్లు పరుగెడుతున్నాయి. తిరిగి, టకటకా ఏదో నొక్కింది.

త్రాసు చీఫ్‌కు ఫోన్ చేశాడు. నెమలి దొంగసరుకని తేలిందనీ, పిల్ల దక్కిందనీ చెప్పాడు. ఇంతకీ ఏం తీసుకుందని చీఫ్ అడిగాడు.

"అణు వ్యర్థాల నిర్వహణ సార్. ఇంత చదివి చెత్త ఎత్తడానికి పోతోందని మా అక్కకు చెప్పాలి. దానికి ఇంకో ఏజెంటును పంపండి."