కోదండం కాఫీకెందుకొచ్చేవాడు

నవలల్లో లెక్కలేనంతమందిని చంపిన శేషగిరి ఇంట్లో ఒక్క బొద్దింకని చంపలేకపోయాడు. వంటింటికో మర సాలీడు తిరుగుతూ పురుగుల్ని పట్టే రెండు వేల డెబ్భైల్లో కూడా, బొద్దింక కనబడితే చాలు, కుర్చీ ఎక్కి "ఇందూ!" అని కేకేసేవాడు. అలాంటి మగడితో కాపురం చేసుకొచ్చిన ఇందుమతికి, ఆయన పోయిన ఏడాదికి విశాఖ గ్రంథాలయం నుంచి పిలుపొచ్చింది.

అక్కడ 'పాత్రోజ్జీవని' ఉంది. రచయిత పుస్తకాలన్నీ చదివి, అందులోని పాత్రల్ని మాట్లాడించే క్యారెక్టర్ ఇంజిన్. రాసినదాన్ని దాటి ఒక్క ముక్క కల్పించదు. నేర నవలల్లోని మేటి పాత్రల్ని అందులో శాశ్వతంగా ఉంచుతున్నారు. ఒక్కో రచయితకి ఒక్క పాత్రకే చోటు. మిగతా పాత్రల నోరు ఎంపిక రోజు సాయంత్రంతో మూతపడుతుంది. ఎంపిక ఇంటివాళ్లది.

"డిటెక్టివ్ కోదండమే కదమ్మా?" అంది డాక్టర్ తబస్సుమ్. యంత్రం ఆమెదే. "పాఠకులంతా అతన్నే అంటున్నారు."

కోదండం తన్నులు తింటాడు, మోసపోతాడు, ఎవరికీ లొంగడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఇందుమతికి తప్ప. కొత్త నవల రాగానే శేషగిరి మొదటి ప్రతి పొయ్యిగట్టు మీద పెట్టేవాడు. ఆవిడ దాని మీద వేడి పప్పుగిన్నె దించేది. ఇప్పుడు మాత్రం, ఆయన గొంతు ఛాయ కాస్తయినా వినబడుతుందేమోనని వచ్చింది.

"కూర్చో," అన్నాడు యంత్రంలోంచి కోదండం బండగా. "ఏడవడానికైతే బయట బోలెడు చోటుంది."

"మా ఆయనిలా మాట్లాడితే అన్నం పెట్టేదాన్నా!"

తబస్సుమ్ నవ్వింది. "ఇంకొకావిడున్నారు. నూకరత్నం. హార్బరు దగ్గర కాఫీ కొట్టు. ప్రతి నవల చివరా వస్తుంది."

"మళ్లీ దెబ్బలు తగిలించుకొచ్చావా?" అంది యంత్రంలోంచి నూకరత్నం. "తాగి గ్లాసు కడిగెళ్లు. నీ కబుర్లు తర్వాత!"

ఇందుమతి నవ్వలేదు. ఆ మాటలు తను ఇంట్లో శేషగిరితో అన్నవే. ఆ 'తర్వాత'తో సహా.

"కోదండంగారూ, ఆవిడ కొట్టుకే ఎందుకెళ్తారు? కాఫీ అంత బావుంటుందా?"

"చేదు విషం. కేసయ్యాక చెప్పుకోడానికి నాకెవరూ లేరు. ఏదో ఒక రోజు 'ఏం జరిగింది' అని అడుగుతుందేమోనని."

"అడిగిందా?"

"ఆఖరి పేజీ దాకా లేదు."

ఇందుమతి కుర్చీ యంత్రం దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. "ఏమండీ, ఏం జరిగింది? చెప్పండి, వింటాను."

యంత్రం చాలాసేపు వెతికింది.

"అడిగితే ఏం చెప్పాలో ఆయన రాయలేదమ్మా," అన్నాడు కోదండం.

తబస్సుమ్ తల దించుకుంది. "ఎవర్నుంచమంటారు?"

"ఆవిడ నోరు మూయించండి. ఆయన్నుంచండి." ఇందుమతి యంత్రం వైపు తిరిగింది. ఈసారి గొంతు హాలంతా వినబడింది. "తప్పు నాదేనండీ. నేను అడగాల్సింది."