నేలకు ఆనని పాదం

అసురసంధ్య... ఫ్లోరెన్స్ నగరం మీద కారుమబ్బులు కమ్ముకున్నాయి. ప్రార్థన గంట మోగగానే చౌకులో జనం ఇళ్ళకు మళ్ళారు. మిగిలింది ఆ పాలరాతి శిల్పం! వీరుడు హెర్క్యులీస్ రాక్షసుడు ఆంటియస్‌ను నడుం పట్టి, గాలిలోకి ఎత్తి నలిపేస్తున్నాడు. ఆంటియస్ భూమాత కొడుకు. పాదం నేలకు ఆనితే చాలు, తల్లి బలమంతా వాడిలోకి వస్తుంది. అందుకే ఎత్తి పట్టుకున్నాడు.

ఆ రాక్షసుడి ముఖం మాత్రం దియనోరా అనే ముసలామె కొడుకు లాపోది.

రాతిపనివాడైన లాపోను ఎదుట నిలబెట్టుకుని శిల్పి ఆ ముఖం చెక్కాడు. బొమ్మ చౌకుకు చేరేదాకా వేలాడే కాలు విరగకుండా దాని కింద సన్నటి రాతి ఊతం వదలడం వాళ్ళ పద్ధతి. ఆ ఊతం తీయడానికి లాపో కిందికి దూరినప్పుడు, మాంత్రికుడు నోఫ్రి పైన దూలానికి బండరాతిని వేలాడగట్టిన మోకు కోసేశాడు. బండ పడి ఊతం విరిగింది. లాపో ప్రాణమూ పోయింది. ఆత్మ రాతిలో బందీ అయింది... పుర్రె నోఫ్రి చేతికి చిక్కింది!

"దియనోరక్కా, ఒళ్ళో ఏంటది?" బొమ్మ ముందు కూర్చున్న ఆమెను, బోటి అమ్మే తెస్సా బండి సర్దుకుంటూ అడిగింది.

"మట్టి."

"మట్టా! కూరలో వేస్తావా ఏం? ఆ వీరుడి పట్టు చూడు. మా ఆయన పొద్దున్నే దుప్పటిని ఇలాగే పట్టుకుంటాడు, చచ్చినా వదలడు!" నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగింది. "ఇంటికి పోదాం రా అక్కా. ఆ నోఫ్రిగాడు వచ్చే వేళ."

"మా వాడు మాట్లాడే వేళ కూడా ఇదేనే. నువ్వు వెళ్ళు."

పుర్రెను కర్రతో కొట్టగానే లాపో ఆత్మ తల్లి గొంతులోకి వచ్చేది. నోఫ్రి అడిగిన పేరు పలికేది. తెల్లారేసరికి ఆ పేరుగల మనిషి మెడ విరిగి మంచంలో చచ్చి పడి ఉండేవాడు! అయినా దియనోరా రోజూ వచ్చేది. పేరు పలికే ముందు లాపో ఒక్కసారి "అమ్మా" అనేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె పరాయి తల్లుల ఏడుపులకు చెవులు మూసుకుంది.

నిన్న మాత్రం వాడు ఇంకో మాట అన్నాడు. "కాలు ఆనడం లేదే అమ్మా... ఆగుదామన్నా ఆగలేకపోతున్నా."

అందుకే ఇవాళ కొడుకు సమాధి మట్టి తవ్వుకొచ్చింది. పాదం ఆనితే వాడికి విడుదల. ఇక పిలుపూ ఉండదు.

ఫెళఫెళమని ఉరుములు! మెరుపు వెలుగులో నోఫ్రి... చేతిలో పుర్రె!

"నోరు తెరవవే ముసలిదానా! నన్ను చూసి ఉమ్మేసినవాడు, ఆ తెస్సా మొగుడు గెరార్దో! వాడి పేరు పలకరా!"

ఠక్! దియనోరా కళ్ళు తేలేసింది. జుట్టు విరబోసుకుంది. ఆమె కంఠంలోంచి మగగొంతు ఆర్తనాదం... "అమ్మా!"

గొంతు కొడుకుది. చేతులు మాత్రం తల్లివే.

ఆమె పీఠమెక్కి, పాదం కింది సందులో మట్టి కూరసాగింది.

"ఆపవే! ఆపు!" నోఫ్రి ఉరికాడు.

ఆఖరి పిడికిలి దగ్గర ఆమె చేయి ఆగింది. "అమ్మా..." అంటున్నాడు వాడు. ఇంకొక్కసారి... ఇంకొక్కసారి విని... కళ్ళు మూసుకుని కూరేసింది.

పాదం ఆనింది!

భూగర్భం హుంకరించింది. వీరుడి రాతిపట్టు సడలింది. ఆంటియస్ హస్తం కిందికి వంగి నోఫ్రి కంఠాన్ని అందుకుంది! వాడి చావుకేక ఉరుములో కలిసిపోయింది. పుర్రె బండలమీద పడి పొడైపోయింది. మరుక్షణం బొమ్మ ఎప్పటిలాగే నిలిచింది.

నోఫ్రి పిడుగుపడి చచ్చాడని ఊరంతా అనుకుంది. తెల్లవారాక తెస్సా పరుగున వచ్చేసరికి వాన ఇంకా కురుస్తూనే ఉంది. దియనోరా పీఠం మీదే ఉంది.

"కాలు ఆనిందా నాన్నా?" అని అడుగుతోంది.

"ఇంటికి పోదాం అక్కా."

వానకు మట్టి కరిగి జారిపోతోంది. దియనోరా తన అరచేతిని ఆ పాదం కింద పెట్టింది.