మిల్లుకూ లారీ ఆఫీసుకూ మధ్య గీత

"మీరేనా కోదాడ సార్?"

సూర్యాపేట కంప్యూటర్ సెంటర్ మెట్ల మీద ఆ గొంతు వినగానే గోప్యా గిరుక్కున తిరిగాడు. ఎనిమిది నెలలుగా ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి ఫోన్ చేసి, బయల్దేరిన లారీల నంబర్లు, బస్తాలు చదివే గొంతది. కోదాడ లారీ ఆఫీసులో కూర్చుని వాటిని కంప్యూటర్‌లో కొట్టుకోవడం గోప్యా పని. మనిషిని చూడడం మాత్రం ఇదే మొదలు.

"మిర్యాలగూడ మేడమా? ఇంకా పొడుగుంటరనుకున్న."

"మీకు మీసాలుంటయనుకున్న. ఇద్దరం మోసపోయినం," అని నవ్వింది ఎస్తేరు.

మిల్లూ, లారీ ఆఫీసూ ఒకే సేటువి. రెండు చోట్లా కంప్యూటర్లున్నా ఒకదాని గోల ఇంకోదానికి పట్టదు. తొంభై తొమ్మిదిలో సేటు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. కోడ్ రాయక్కర్లేదు. తెర మీద మిల్లుకో డబ్బా, లారీ ఆఫీసుకో డబ్బా. ఇక్కడి లారీ నంబర్ నుంచి అక్కడి లారీ నంబర్‌కు మౌస్‌తో గీత గీస్తే చాలు, రెండూ కలుస్తాయి. ఏది దేనితో కలవాలో వీళ్లిద్దరికే తెలుసు గనక రెండు రోజుల పని మీద ఇక్కడికి పంపాడు.

చేతిలో మౌస్, పక్కన ఎస్తేరు. గోప్యాకు పూనకం వచ్చింది. టకటకా గీతలు లాగేస్తున్నాడు.

"జర మెల్లగ సార్."

"అర్థం కాలేదా మేడమ్? మీ దగ్గర బస్తాలు, మా దగ్గర క్వింటాళ్లు. నడుమ మార్చే డబ్బా ఒకటి పెట్టినం. ఖతం!"

"అర్థమైంది. అందుకే మెల్లగ అంటున్న."

రెండు రోజుల పని ఒక్కరోజులో అయిపోయింది. "ఎంత ఫాస్టో సూసిన్రా?" అన్నాడు.

"సూసిన," అని చాయ్ కూడా తాగకుండా బస్సెక్కింది. ఎంత పొగరో అనుకున్నాడు ఈ తెలివిగల మహానుభావుడు.

సోమవారం నాలుగైంది. ఫోన్ మోగలేదు. లారీల నంబర్లు వాటంతటవే వచ్చి తెర మీద పడ్డాయి. అప్పుడు వెలిగింది గోప్యాకు. కంగారుగా మిల్లుకు ఫోన్ కలిపితే, ఆమె గొంతు రావాల్సిన చోట కీచుమని కూత. ఇప్పుడు ఆ ఫోన్‌లో కంప్యూటర్లే మాట్లాడుకుంటున్నాయి. తన నోట్లో తనే మట్టి కొట్టుకున్నాడు.

నాలుగు రోజులు ముద్ద దిగలేదు. శుక్రవారం హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయాడు. మిల్లు గేటు దగ్గర టిఫిన్ డబ్బా, సంచీ పట్టుకుని ఎస్తేరు ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నంబర్లు తప్పినయా?" అని అడిగింది.

"ఒక్కటి గూడ తప్పలే. మీరేంది, ఇంత జల్ది ఇంటికి?"

"సేటు రేపటి సంది రావద్దన్నడు. ఫోన్ జేసే పని లేదు గద ఇగ."

గోప్యా నెత్తి కొట్టుకున్నాడు. "గీతలన్నీ నేనే గీస్తిని! ఒక్క మాట చెప్పొద్దా?"

"ఏమని చెప్త? మీరేమో గంత సంబురంగ గీస్తిరి. నా ఫోన్ పీడ ఎప్పుడు పోతదా అని సూస్తున్నరనుకున్న."

"పీడనా? నాలుగు రోజుల సంది నాకు పానం పానంల లేదు ఎస్తేరూ. నువ్వంటే నాకు ఇష్టం. నీతోటి మాట్లాడకుంట నేను ఉండలేను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఉద్యోగం పోయింది, ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలియదు. ఇప్పుడా చెప్పేది ఈ మాట, అనుకుంది.

"మాది గరిడేపల్లి. ఇంట్ల ఫోన్ లేదు."

"బస్సున్నది గద!"

ఎస్తేరు సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఆదివారం చర్చి అయినంక రా," అంది. "మా నాయన ఇంట్లనే ఉంటడు."