మూతి అరిగిన తుపాకి

"మీ వాణ్ణి చంపినవాడి ఆచూకీ దొరికింది," అన్నాడు చీఫ్.

దబ్బనం చేతిలోని టీ గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది.

డిపార్ట్‌మెంటులో అందరూ ఆమెను దబ్బనం అనే పిలుస్తారు. ఎంత మందపాటి గోనె అయినా సరే, అటు దూరి ఇటు తేలుతుందని. మిలిటరీ ఆయుధాల వర్క్‌షాపులో సగం జీవితం గడిపి, ఆ తర్వాత సీక్రెట్ సర్వీసులోకి వచ్చిన మనిషి. ఇద్దరు పిల్లల్ని కన్నది. కొడుకు సరిహద్దు పోస్టులో స్నైపర్‌గా ఉండేవాడు. కిందటేడు ఎవడో దొంగచాటుగా వెనక నుంచి కాల్చి చంపేశాడు. పోతూ పోతూ కొడుకు రైఫిల్ కూడా ఎత్తుకుపోయాడు. ఇక మిగిలింది కూతురు ఒక్కతే.

"ఎవడు సార్ వాడు?"

"విదేశీ ముఠా షూటర్. గద్ద అంటారు. రేపు పొద్దున చౌరస్తాలో శాంతి ఒప్పందం మీద సంతకాలు. పక్క దేశపు దూతని కాల్చాలని ప్లాన్. కాల్చాక రైఫిల్ అక్కడే పారేసి పోతాడు. దాని మీద మన ఆర్మీ నంబరుంటుంది. నేరం మన నెత్తిన పడుతుంది. ఒప్పందం మట్టిలో కలుస్తుంది."

"మన ఆర్మీ నంబరా? అంటే మా వాడి తుపాకేనా?"

చీఫ్ కళ్లు దించుకున్నాడు. "అయ్యుండచ్చు."

"సభ ఆపేయొచ్చుగా?"

"దూత వినడం లేదు. భయపడి ఆగేవాణ్ణయితే ఇంత దూరం వచ్చేవాణ్ణా అంటున్నాడు. చౌరస్తా చుట్టూ అన్నీ మేడలే. గద్ద ఏ కిటికీలో కూర్చుంటాడో వాడి ముఠాకి కూడా చెప్పడు." చీఫ్ చిన్న ఇత్తడి నూనె సీసా బల్ల మీద పెట్టాడు. "పాత రైఫిళ్లకి మడమ దగ్గర, భుజానికి ఆనించే చెక్కలో, ఇలాంటి సీసా పెట్టుకునే గూడు ఉంటుంది కదా. ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. తుపాకి బాగుచేయడానికి ముఠా పిలిపించుకున్న మేస్త్రీ ఇప్పుడు మన లాకప్పులో ఉన్నాడు. వాడి బదులు వచ్చిన వాళ్లక్కవి నువ్వు. వెళ్లు, తుడువు, ఇది అందులో పెట్టు, వచ్చెయ్. ఒక్క మాట. గద్ద మనకి ప్రాణాలతో కావాలి. మిగతా ముఠా పేర్లన్నీ వాడి కడుపులోనే ఉన్నాయి."

ప్రాణాలతో. ఆమె తాగని టీ గ్లాసుని బల్ల మీద పెట్టేసింది.

"దూత పక్కన గార్డు ఎవరు సార్?"

చీఫ్ పేపర్‌వెయిట్‌ని ఇటు నుంచి అటు జరిపాడు.

"మా అమ్మాయేనా?"

"టీమ్‌లో బెస్ట్ తనే."

బయటికి వచ్చీ రాగానే కూతురికి ఫోన్ చేసింది. "జాకెట్ వేసుకుంటావు కదూ రేపు?"

"అమ్మా, అది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్. స్వెటర్ కాదు."

"ఏదైతేనేం. గుండీలన్నీ పెట్టుకో."

*

కుట్టుమిషన్ల రిపేరు షాపు. మధ్యాహ్నం ఎండ షట్టర్ కింది నుంచి లోపలికి పాకుతోంది. నెరిసిన జుట్టు, నూనె మరకల చీర, చేతిలో రేకు పెట్టె. దబ్బనం వేసుకున్న వేషానికి పెద్ద మేకప్పేమీ అక్కర్లేకపోయింది.

"మిషన్‌కి నూనె కావాలా?" అని అడిగింది.

"నూనె ఉంది. సూదే లేదు," అంది లోపలి గొంతు.

కోడ్ కుదిరింది. తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. ఎర్రటి లిప్‌స్టిక్, మోచేతుల దాకా నల్ల గ్లోవ్స్. ముఠాలో ఆమెని సెంటు మేడమ్ అంటారు. నవ్వితే మగాళ్లు మాట మర్చిపోతారనీ, నవ్వు ఆపితే ప్రాణాలు మర్చిపోతారనీ ఫైల్లో ఎవరో సరదాపడి రాశారు.

వెనక గదిలో బల్ల మీద రైఫిల్. దాని పక్కన అగ్గిపుల్ల నములుతూ సన్నటి మనిషి. గద్ద.

దబ్బనం వాడి ముఖంలోకి చూడలేదు. చూస్తే తన కళ్లు ఏం చేస్తాయోనని భయం. తుపాకినే చూసింది. గొట్టం మూతి ఎడమ వైపు ఒరుసుకుపోయి ఉంది. లోపలి మూతి గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది.

ఆమెకి ఇంకే నంబరూ చూడక్కర్లేకపోయింది. "బోల్టు తీసి వెనక నుంచి తుడవరా, కడ్డీ రాసుకుని మూతి అరిగిపోతుంది," అని కొడుకుతో ఎన్నిసార్లు మొత్తుకుందో. వాడికి బద్ధకం. ఎడమచేతి వాటం. ముందు నుంచే కడ్డీ దూర్చి బరబరా తోసేవాడు. "మూతి అరిగితే ముద్దెక్కువ పెట్టానని చెప్తాలేవే," అని నవ్వేవాడు.

"ఏంటి అక్కా, నిద్రపోయావా?" అన్నాడు గద్ద. "మొన్న అడవిలో కాల్చి సైట్ సరిచేసుకున్నా. తూటాలన్నీ అరచేయంత చోటులోనే పడ్డాయి."

"అంత బాగుంటే తుడవడం దేనికి బాబూ?"

"మిలిటరీవాడి తుపాకి మురికిగా దొరికితే ఎవడు నమ్ముతాడు?" అంది మేడమ్. "అద్దంలా చెయ్. వాసన కూడా మిలిటరీ వాసనే రావాలి."

"తుడిచాక మళ్లీ కాల్చి చూసుకుంటారా?"

"మళ్లీ మసి చేసుకోడానికా? మురికితోనే అంత బాగా కాలిస్తే తుడిచాక ఇంకెంత బాగా కాలుస్తుంది!" అన్నాడు గద్ద.

దబ్బనం తల వంచుకుని బోల్టు లాగేసింది. నవ్వు వస్తే కనబడకూడదు కదా. కొత్త తుపాకులతో పెరిగినవాడు వీడు. అరిగిపోయిన ముసలి గొట్టానికి మురికే బలం. రాగి, మసి కలిసి గుంటల్లో పూడుకుని తూటాని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పూత కడిగేస్తే లోపల తూటాకి ఆసరా ఏదీ ఉండదు.

ఆమె జన్మలో అంత శ్రద్ధగా ఏ తుపాకినీ తుడిచి ఉండదు. ఘాటు మందు పోసింది. కళ్లు మండాయి. మొదటి గుడ్డ కాటుకలా వచ్చింది. తర్వాతవి నెమలిరంగులో వచ్చాయి, అది లోపలి రాగి కరుగుతున్న రంగు. బ్రష్ వేసి తోమింది. మళ్లీ మందు, మళ్లీ గుడ్డ. చివరికి తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వచ్చింది.

గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూసింది. తూటాని తిప్పే మెలిక గీతలు మూతి దగ్గర దాదాపు చెరిగిపోయాయి. తూటా బయల్దేరే చోట ఇనుము ఎండిన చెరువులా బీటలు వారింది. మురికితో పాటు మానమూ పోయింది తుపాకికి.

చేతిలో ఒక గుడ్డముక్క మిగిలింది. ముద్దచేసి గొట్టం మధ్యలో ఇరికిస్తే చాలు. రేపు ట్రిగ్గర్ నొక్కగానే గొట్టం చీలి వాడి ముఖం పచ్చడవుతుంది. వేళ్లు బిగుసుకున్నాయి. ఇరికించు, అంది లోపల ఎవరో, నీ బిడ్డని వెనక నుంచి కాల్చాడు.

చస్తే వాడి బాధ క్షణంలో తీరిపోతుంది. మరి నాది?

గుడ్డముక్కని చెత్తడబ్బాలో పడేసింది. బదులుగా గొట్టాన్ని చిక్కటి నూనెతో కారేటట్టు తడిపింది. కాల్చే ముందు ఆ నూనె తుడుచుకోవాలని ఆమె చెప్పలేదు, వాడు అడగలేదు. మడమలో ఇత్తడి సీసా పెట్టి మూత వేసింది.

"ఆగు," అంది మేడమ్.

ఒక తూటా తీసి, మొన వైపు నుంచి గొట్టం మూతిలోకి దూర్చింది. మంచి గొట్టం అయితే మొన కొంత దూరం పోయి ఆగాలి. ఇది ఇత్తడి అంచు దాకా గుటుక్కున మింగేసింది. దబ్బనం అది చూసింది. అయిపోయింది. తనూ అయిపోయింది, రేపు స్టేజీ మీద పిల్లా అయిపోయింది.

మేడమ్ ఆమె కళ్లలోకి చూసింది. తర్వాత గద్ద వైపు తిరిగింది. "ఫస్ట్ క్లాస్," అంది. మడమ మూత తెరిచి, ఇత్తడి సీసా తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "ఇదెందుకు? బరువు."

*

పొద్దున్నే చౌరస్తా పక్కన వ్యాన్‌లో చీఫ్ తల పట్టుకున్నాడు. "సిగ్నల్ ఆ మేడమ్‌తో పాటు ఊరంతా షికారు చేస్తోంది! ప్రతి మేడ మెట్ల మీదా మనవాళ్లున్నారు. ఏ తలుపు కొట్టాలో తెలియదు!"

"మొదటి తూటాకి తెల్లటి పొగ వస్తుంది సార్. నూనె కాలి. కిటికీలు చూడమనండి."

"ఆ మొదటి తూటా దూతకి తగిలితే?"

"తగలదు."

"గ్యారంటీనా?"

దబ్బనం స్టేజీ వైపు చూసింది. గురి పెట్టినచోట తగలదని ఆమెకి గ్యారంటీ. గురి పెట్టనిచోట తగలదని ఎవరు చెప్పగలరు? స్టేజీ మీద కూతురు సరిగ్గా అప్పుడే దూతకి అడ్డంగా ఓ అడుగు ముందుకు వేసింది.

"వెనక్కి రావే, వెనక్కి రావే తల్లీ," అని గొణిగింది.

దూత పెన్ను మూత తీశాడు.

ధడ్!

స్టేజీ పక్కన పూలకుండీ బద్దలైంది. మూసేసిన ఫోటో స్టూడియో పైకిటికీ లోంచి తెల్లటి పొగ బుస్సుమంది.

"స్టూడియో! పైగది!" అని అరిచింది దబ్బనం.

రెండో తూటాకి బోల్టు లాగుతుండగానే తలుపు ఊడి గద్ద మీద పడింది. దూత వెనక్కి తగ్గకుండా సంతకం పూర్తిచేశాడు.

ఆమె ఆ గదిలోకి వెళ్లేసరికి గద్ద బేడీలతో నేల మీద ఉన్నాడు. ఎదురుగా సెంటు మేడమ్ గ్లోవ్స్ తీస్తోంది. చీఫే ఆమెని ఎప్పుడో మన మనిషిగా ముఠాలోకి పంపాడట, ఎవరికీ చెప్పలేదట.

"ఆ సీసా ఉంచి ఉంటే ట్రాన్స్‌మిటర్లు పసిగట్టే వాడి స్కానర్‌కి దొరికేది అక్కా," అంది మేడమ్. "నిన్ను అక్కడే చంపేసేవాడు."

గద్ద కింద నుంచి తల ఎత్తాడు. "ముసల్దానా! తుపాకి బాగు చేశానన్నావ్!"

"తుడిచానన్నా," అంది దబ్బనం. వాడి ముఖంలోకి మొదటిసారి నిండుగా చూసింది. "అది నా కొడుకు తుపాకి. నువ్వు చాలాకాలం బతకాలి. గదిలో ఒంటరిగా కూర్చుని, ఓ ముసల్ది నీ ఎదురుగానే నిన్ను ముంచిందని రోజూ తలుచుకోవాలి. నీకు ఆయుష్షు ఇమ్మని దేవుడికి నేనే మొక్కుకుంటా."

కూతురు మెట్లెక్కి పరుగున వచ్చింది. దబ్బనం ముందు ఆమె ఒళ్లంతా తడిమింది, తర్వాత జాకెట్ చూసింది. పై గుండీ ఊడి ఉంది. అప్పుడు ఏడ్చింది.

"ఎవిడెన్స్ జాగ్రత్త. రైఫిల్ ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు చీఫ్.

"ముట్టుకోను సార్," అంది కళ్లు తుడుచుకుంటూ. "కాకపోతే మా వాడి వస్తువు. కేసు తేలాక ఒకసారి ఇప్పించండి. ఈసారి వాడి కోసం తుడుస్తాను, వెనక నుంచే."