ముప్ఫై మూడు మీద ఒక్క పాయింటు

టైర్లలో గాలి నలభై రెండు పాయింట్లు కొట్టమని ఆమె చెప్పింది. ముప్ఫై మూడు దగ్గర అతను పైపు తీసేశాడు.

ఆమె డ్రైవింగ్ టీచర్. సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న ఎస్‌యూవీయే ఆమె స్కూలు. స్టీరింగ్ ముట్టుకోవడానికే వణికే ఆడవాళ్ళను మూడు వారాల్లో రెండు బస్సుల మధ్య నుంచి బండి తీసేలా తయారు చేస్తుంది. అలాంటి మనిషికి టైర్ల షాపులో గాలి కొట్టే అతను ఎదురు చెప్పడం కొత్త.

“నేనడిగింది నలభై రెండు,” అంది కిటికీలోంచి.

“మీ బండి అడిగేది ముప్ఫై మూడు, మేడమ్.”

డ్రైవర్ తలుపు తెరిచి, పక్కన అంటించి ఉన్న కంపెనీ స్టిక్కర్ మీద ఆ అంకె చూపించాడు. ఆమె దిగి, టైరు మీద అచ్చేసిన యాభై ఒకటి చూపించింది. అది టైరు తట్టుకోగల హద్దే కానీ కొట్టాల్సిన లెక్క కాదన్నాడు. తన తండ్రి ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడనీ, గాలి గట్టిగా ఉంటేనే బండి మాట వింటుందని నేర్పాడనీ ఆమె చెప్పింది. లారీకి ఆయన సరిగ్గానే కొట్టించి ఉంటారనీ, ఇది లారీ కాదనీ అతను అన్నాడు.

అంత నెమ్మదిగా ఎదురు చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. తలుపు ధడాలున వేసి, పక్క వీధిలో నలభై రెండు కొట్టించుకుని, కావాలనే మళ్ళీ ఆ షాపు ముందు నుంచే వెళ్ళింది. అతనికి ‘ముప్ఫై మూడు’ అని పేరు పెట్టింది కూడా ఆ రోజే.

పది రోజుల తర్వాత వాన పడింది. రోడ్డంతా నిగనిగలాడుతోంది. క్లాసుకు వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, టీచర్ చెప్పినట్టే బ్రేకు నొక్కింది. బండి మాత్రం జారుకుంటూ పోయి ఒక ప్రహరీ గోడకు జానెడు దూరంలో ఆగింది. తప్పంతా తనదేనని ఆవిడ ఒకటే ఏడుపు. కాదని టీచర్‌కు తెలుసు. ఆ ఏడుపు ముందు ఆమె పంతం నిలవలేదు.

“ఏదో ఒకటి అనండి. అనాలనే ఉంటుందిగా,” అంది మళ్ళీ అతని షాపులోకి వస్తూనే.

అతను పాత గుడ్డ ఒకటి అందుకున్నాడు. టైరు శుభ్రంగా తుడిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. షెడ్డులోనే నాలుగు గజాలు ముందుకు పోనిమ్మన్నాడు. ఆమె దిగి చూస్తే గీత మధ్యలో మాత్రమే చెరిగింది. అంచులు రెండూ తెల్లగా అలాగే ఉన్నాయి. గాలి ఎక్కువైన టైరు నడుము మీదే నిలబడుతుందనీ, ఎప్పుడూ నలభై రెండు కొట్టించబట్టే అక్కడ అరిగి నున్నబడిందనీ, తడిలో దానికి పట్టు దొరకదనీ వివరించాడు.

“ఇదంతా ఆ రోజే చెప్పొచ్చుగా?”

“మీరు తలుపు వేసేశారు.”

ఆమెకు నవ్వొచ్చింది. బయటికి రానివ్వలేదు.

నాలుగు టైర్లూ మార్చక తప్పదు. నాన్న మెచ్చుకునే, పెద్ద పెద్ద గళ్ళున్నవి అడిగింది. ఏ రోడ్ల మీద తిరుగుతారు, ఎంతమంది ఎక్కుతారు అని అతను ఆరా తీశాడు. బురదలోకే దిగని బండికి ఆ గళ్ళు మోతకు తప్ప ఎందుకూ పనికిరావన్నాడు. సైజు మార్చకుండా, తడి తారు రోడ్డు మీద పట్టుండే రకం చాలన్నాడు.

అంతలో షాపు యజమాని అదే సైజులో నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. నల్లగా మెరుస్తున్నాయి. గాలి కొట్టే అతను ఒకదాని మీద నాలుగు అంకెలు వెతికి చూపించాడు. టైరు తయారైన వారం, ఏడాది.

“ఇవి ఆరేళ్ళుగా గోడౌన్‌లో పడున్నాయి. రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. తీసుకోవద్దు, మేడమ్.”

ఆలోచించి మాట్లాడమన్నాడు యజమాని. అతను ఆలోచించి మళ్ళీ అదే మాట చెప్పాడు. సాయంత్రానికి అతని ఉద్యోగం పోయింది.

వారం తిరక్కుండా ఒక పాత కంప్రెసర్ సంపాదించి చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. కొత్త టైర్లు ఆమె అక్కడే వేయించుకుంది. బండి ఎక్కువ నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలనీ, అదీ నెలకు రెండుసార్లు చాలనీ అతను చెప్పాడు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చేది. అతను రోజూ, అదే మొదటిసారన్నట్టు, నాలుగు చక్రాలకూ గేజి పెట్టి చూసేవాడు. ఒక్క పాయింటు తేడా ఉండేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలుసు.

విషయం తండ్రి చెవిన పడింది. గాలి కొట్టేవాడితో రోజూ నీకేం పనని అడిగాడు. అతన్నే పెళ్ళి చేసుకుంటానంది. ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోలేనివాడు నిన్నేం చూసుకుంటాడని ఆయన కసిరాడు.

“నిజం చెప్పి పోగొట్టుకున్నాడు, నాన్నా. నా బండి మళ్ళీ జారకూడదని పోగొట్టుకున్నాడు. నన్ను చూసుకోవడానికి నేనున్నాను. నాతో అబద్ధమాడనివాడు కావాలి నాకు. నువ్వొప్పుకున్నా అంతే, ఒప్పుకోకపోయినా అంతే.”

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు పొద్దున్నే తండ్రి ఒక్కడే షెడ్డుకు వెళ్ళాడు. ఫలానా అమ్మాయి తండ్రినని చెప్పి, లారీ వెనక టైర్లకు ఎంత కొడతావని అడిగాడు.

“ఖాళీ బండా, లోడుతోనా? లోడైతే ఎన్ని టన్నులు?”

ముప్ఫై ఏళ్ళలో తనను ఆ ప్రశ్న అడిగినవాళ్ళను ఆయన ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మా అమ్మాయిని ఎప్పుడు చేసుకుంటావు మరి?”

అతను అప్పుడే గాలి చూసిన టైరుకే మళ్ళీ గేజి పెట్టాడు.

రోజూలాగే వచ్చిన ఆమె బండి దిగుతూనే తండ్రిని చూసి యుద్ధానికి సిద్ధమైంది. “నాన్నా, నేను ముందే చెప్పాను...”

“ఆగమ్మా. నేను సరేనని చెప్పి పది నిమిషాలైంది. నోరు పడిపోయింది ఇతనికి.”

అతను ఆమె వైపు తిరిగాడు. “నన్నడక్కుండానే ఇంట్లో చెప్పేశారా?”

చెంపలు వేడెక్కాయి కానీ ఆమె తల దించలేదు. “పెద్ద గొడవ ముందు తేల్చుకున్నాను. చిన్నది తర్వాత చూద్దామనుకున్నాను. ఇప్పుడు చెప్పండి. వంకర సమాధానాలు నాకు పడవు.”

“మీరంటే నాకు ఇష్టం,” అన్నాడు, అదే నెమ్మదైన గొంతుతో. “చాలా రోజుల నుంచి.”

“ఇంకా మీరేంటి?”

“నువ్వంటే ఇష్టం.”

తండ్రి అప్పటికే గోడ వైపు తిరిగి, అక్కడ ఆనించి ఉన్న టైరును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. కాసేపు చూసి, “అయిందా? ఇటు తిరగొచ్చా?” అన్నాడు.

“ఇంకాసేపాగు, నాన్నా,” అంది ఆమె.