ఎర్రలైటు ఆరు రెప్పలు

"లైటు రెప్పలేస్తోంది. మెకానిక్‌ను పంపండి."

తిరుపతి నుంచి తెల్లవారుజామున వచ్చిన ట్రంక్ కాల్‌లో ఆడగొంతు అంతే చెప్పి ఫోన్ పెట్టేసింది. మద్రాసులో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ పరంధామయ్య రిసీవర్ దించి ఎదురుగా కూర్చున్న ఏజెంట్ దామోదరం వైపు చూశాడు. 1986, కార్తీకమాసం. బయట నాలుగు రోజులుగా ముసురు.

"పంకజాక్షి కోడ్ ఇచ్చేసింది. సరుకు ఈరోజే కదులుతోంది."

సరుకంటే తీరప్రాంతంలోని ఒక రాడార్ కేంద్రం నక్షాల మైక్రోఫిల్మ్. కాజేసినవాడు ఓల్సన్. పైకి కలంకారీ గుడ్డ ఎగుమతి చేసే వ్యాపారి, పదేళ్ళుగా తిరుపతిలో కాపురం. లోపల ఏ దేశానికి పనిచేస్తున్నాడో ఆ దేశానికే తెలియాలి. పంకజాక్షి అతని సెక్రటరీ. అతని జీతం తీసుకుంటూ బ్యూరోకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. మహా అందగత్తె. ఆమె నిజంగా ఎవరి మనిషి అన్నది మాత్రం బ్యూరోలో రెండేళ్ళుగా తేలని తగువు.

"మధ్యాహ్నం ఒంటిగంటకు వ్యాన్ బయల్దేరుతుంది. అరవై తానులు. ఒక్కో తాను ఒక్కో చెక్క రోలర్‌కు చుట్టి ఉంటుంది. వాటిలో ఒకదాంట్లో ఫిల్మ్. నేను దారిలో వడమాలపేట చెక్‌పోస్టులో కాపు కాస్తాను. కానీ ఢిల్లీవాళ్ళు ఒక్క తాను విప్పడానికే అనుమతి ఇచ్చారు. అదేదో నువ్వు చెప్పాలి."

"చెప్పలేకపోతే?"

"వ్యాన్ హార్బర్‌కు పోతుంది. ఓడ సాయంత్రం లంగరెత్తుతుంది."

దామోదరం ఖాకీ చొక్కా తొడుక్కుని, గోళ్ళ సందుల్లో గ్రీజు పట్టించుకున్నాడు. సంచిలో ఒక స్క్రూడ్రైవర్ ఉంది, దాని పిడిలో ట్రాన్స్‌మిటర్. మూడు రోజులుగా ఒక ముసలి మెకానిక్ దగ్గర స్ప్లిట్ ఏ.సి. పాఠం చెప్పించుకున్నాడు. సగం యంత్రం గదిలో, సగం గోడ బయట, మధ్యలో ఒక కంత గుండా రాగి గొట్టాలు. ఏ రోగమొచ్చినా నోరులేని ఆ యంత్రం ఎర్రలైటు ఆర్పి వెలిగించి చెబుతుంది. ఎన్నిసార్లు రెప్ప వేసిందో లెక్కపెట్టుకుంటే రోగం పేరు తెలుస్తుంది.

ఫైల్లో ఇంటి ప్లాను లేదు. ముందు వాటా ఓల్సన్‌ది, వెనక వాటాలో ఇంటి యజమానురాలు వరదమ్మ అనే ముసలి శెట్టెమ్మ ఉంటుంది అని ఒక్క వాక్యం ఉంది. దామోదరం ఆ వాక్యం చదివీ చదవకుండా పేజీ తిప్పేశాడు. తెలివిగలవాడు కాలు జారేది ఇలాంటి చోటే.

పదకొండు గంటలకు ఓల్సన్ కాపలాదారు ఎల్లప్ప అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. ఇనుప తలుపు. కిటికీలు ఇటుకలతో మూసేశారు. చలువ బయటికి పోకుండా నాలుగు గోడలకూ థర్మోకోల్ అట్టలు. ఫిల్మ్ పాడవకుండా కట్టుకున్న గది అది. మధ్యలో బల్ల మీద గుడ్డ తాను ఒకటి పరిచి ఉంది. ఓల్సన్ దాని రోలర్ చివర కంతలో లక్క కూరుతున్నాడు. గుడ్డ మీద రెక్క తెగిన జటాయువు. పక్కన నీలం చీరలో పంకజాక్షి చీటీ రాస్తోంది.

దొరికింది! జటాయువు తాను.

"నమస్కారం. లైటు ఎక్కడ సార్ వెలుగుతున్నది?" అన్నాడు దామోదరం.

ఓల్సన్ నవ్వాడు. అతని తెలుగు ఇస్త్రీ చేసినట్టుంటుంది. "మెకానిక్ గదిలోకి రాగానే యంత్రాన్ని చూస్తాడు. నువ్వు గుడ్డను చూశావు."

నుదుటికి పిస్టల్ తగిలింది. ఎల్లప్ప సంచీ లాగేసుకున్నాడు, జేబులు తడిమాడు. పాతబడిన మాన్యువల్ కాగితం, ఒక రూపాయి బిళ్ళ తప్ప ఏమీ మిగల్చలేదు.

"వ్యాన్ పొలిమేర దాటేదాకా ఇక్కడే ఉండు. తర్వాత నేనే వచ్చి నీ లెక్క తేలుస్తాను," అన్నాడు ఓల్సన్. తాను భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

తలుపు మూసింది పంకజాక్షి. మూసేముందు కళ్ళెత్తి చూసింది. "మెకానిక్కువైతే ఆ లైటు ఏం చెబుతుందో చదువుకో. రోజూ ఈ వేళకే వస్తుంది."

గడియ పడింది. ఎగతాళి కూడానా, అనుకున్నాడు దామోదరం. బ్యూరోలో తగువు తేలిపోయింది. ఆమె వాళ్ళ మనిషే.

బ్యూరోకు చెప్పని రహస్యం ఒకటి అతనికుంది. తొమ్మిదేళ్ళప్పుడు చిత్తూరు దగ్గర, అతను లోపలున్నాడని తెలియక వాళ్ళ నాయన వేరుశనగ గోదాముకు తాళం పెట్టేశాడు. సగం రోజు అరిచాడు. అప్పటినుంచి మూసిన గదంటే అతనికి ప్రాణం మీదికొస్తుంది. తలుపు గుద్దాడు. చేతులు వాచాయి. థర్మోకోల్ ఆ చప్పుడంతా మింగేసింది. పన్నెండయింది. గోదాములో ఆనాడు ఏడ్చినట్టే ఏడుపొచ్చింది.

ఎదురుగా ఎర్రలైటు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఆరు రెప్పలు. ఆగింది. మళ్ళీ ఆరు.

చేసేదేమీ లేక జేబులోని మాన్యువల్ కాగితం విప్పాడు. రెండు రెప్పలైతే గదిలోని సెన్సార్ పాడు. నాలుగైతే ఫిల్టర్‌కు దుమ్ము. ఆరైతే బయటి యూనిట్‌కు గాలి ఆడడం లేదు, ఎదుట అడ్డమేదో ఉంది, తీసేయండి.

అడ్డమేదో ఉంది. రోజూ ఈ వేళకే.

దామోదరం లేచి నిలబడ్డాడు. కుక్కో పిల్లో అయితే గంట చూసుకుని రాదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట అడ్డం పెట్టేది మనిషే. గోడ అవతల ఎవరో ఉన్నారు! పంకజాక్షి చెప్పింది ఎగతాళి కాదు.

రూపాయి బిళ్ళతో ప్యానెల్ స్క్రూలు విప్పి, రాగి గొట్టాలు గోడలోకి దూరే కంత కనిపెట్టాడు. చుట్టూ పుట్టీ దట్టించి ఉంది. గీకాడు, గోళ్ళు విరిగాయి, గీకాడు. పన్నెండు నలభైకి వెలుతురు కనిపించింది, వేలెడంత. నోరు పెట్టి అరిచాడు. అవతల ఫ్యాన్ హోరు. ఎవరికీ వినపడదు.

అప్పుడతనికి అసలు కిటుకు తట్టింది. మెయిన్ స్విచ్ తీసేశాడు. హోరు ఆగిపోయింది.

ఎదురుచూశాడు. రెండు నిమిషాలు. మూడు. అవతల రేకు పెట్టె మీద దభీమని దెబ్బ పడింది.

"ఏమాయె దీనికి? ఇంతసేపూ ఉడుకు గాలి బాగా కొడతాండె. రోగమొచ్చిందా?"

"అవ్వా! ఈడ! కంతలో సూడవ్వా!"

కంతలో ఒక ముసలి కన్ను కనిపించింది. "ఎవురయ్యా నువ్వు? మిషన్లో దూరినావా?"

"గదిలో ఏసి తాళం పెట్టినారవ్వా. ముందు ఇది చెప్పు. మిషన్ ఎదర ఏం పెడతాండావు నువ్వు?"

"నా మడిచీర. ఈ ముసురుకు యాడ ఆరతాది? ఈ పెట్టె ఉడుకు గాలి కొడతాది గదా, దండెం ఈడే కట్టించినా. దొర మనుషులు తీస్తామంటారు గానీ, మడిచీర ముట్టే ధైర్యం ఎవురికుండాది?"

ఓల్సన్ లక్షలు పోసి తెచ్చిన యంత్రానికి పట్టిన రోగం పేరు వరదమ్మ మడిచీర! దామోదరానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాన్యువల్ కాగితం చించి, చెక్‌పోస్టు నంబరూ జటాయువు సంగతీ గ్రీజుతో రాసి కంతలోకి తోశాడు.

"ఈ చీటీ తీసుకుని ఫోన్ చెయ్యవ్వా, పుణ్యముంటాది."

"మడిలో ఉండా నాయనా. నీ చీటీ నేను ముట్టను. దేవుడికి పెట్టినాక వచ్చి తీసుకుంటా."

"ఎంతసేపు?"

"అర్ధగంట. పప్పు ఇంకా పొయ్యి మీదుండాది."

దూరంగా వ్యాన్ స్టార్టయిన చప్పుడు. ఒంటిగంట. సరుకు పోయింది, ఇక ఓల్సన్ పిస్టల్‌తో వచ్చేస్తాడు. గోదాము గోడలు మళ్ళీ దగ్గరికొచ్చాయి. అతను కళ్ళు మూసుకుని, పిల్లవాడిలా అడిగేశాడు. "అవ్వా, నాకు భయమేస్తాండాది. వాళ్ళు నన్ను సంపేస్తారు. ఈ గదికి ఇంకో తలుపుండాదా?"

కంతలోని కన్ను వెనక్కి జరిగింది; చేతిలో పొడుగాటి కర్రతో ముసలమ్మ కనిపించింది.

"మనిషిని లోపలేసి తాళం పెట్టేది, ఇదేం బుద్ధి?" గొంతు మారింది. "ఉండాది. మా అత్త కాలంలో అది మా వడ్లగది. నా తట్టు తలుపుకు పైన గడియుండాది. కానీ దొరలు తిరిగే గది తలుపు మడిలో ఎట్ట ముట్టేది?"

"నీ చేతిలో కర్ర ఏందవ్వా?"

"మడికర్ర. చీర ముట్టుకోకుండా దండెం మీదెయ్యాల గదా."

"ముట్టుకోకుండా చీర ఏసే కర్రతో ముట్టుకోకుండా గడియ తీయలేవా?"

వరదమ్మ ఆలోచించింది. "కర్రను కడుక్కుంటాలే," అంది.

దామోదరం అట్టలు పీకాడు. మూడో అట్ట వెనక పాత టేకు తలుపు. అవతల కర్ర గీరుకున్న చప్పుడు, ఒకసారి జారింది, రెండోసారి జారింది, మూడోసారి గడియ ఊడిపడింది. పెరట్లో ముసురు మొహాన కొట్టింది. అంత తీపి గాలి అతను పుట్టాక పీల్చలేదు.

"ఫోనెక్కడ?"

"నడవలో. నువ్వే తిప్పు. వంటింట్లోకి మాత్రం రావద్దు."

నంబరు తిప్పాడు. ఎంగేజ్. మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్. ఇంతలో గది ఖాళీగా ఉండడం చూసి సందులోంచి ఎల్లప్ప పరిగెత్తుకొచ్చాడు, వెనక ఓల్సన్. సందుకు అడ్డంగా, గోడ నుంచి గోడకు, తడి మడిచీర. ఎల్లప్ప బ్రేకు వేసినట్టు ఆగాడు.

"అవ్వా, చీర తీయవ్వా! వాడు పోతాండాడు!"

"ముట్టినావంటే కాళ్ళిరుగుతాయి," అంది వరదమ్మ.

"తోసెయ్!" అరిచాడు ఓల్సన్.

"మడి దొరా! వల్ల కాదు."

పదేళ్ళలో ఓల్సన్ తెలుగంతా నేర్చుకున్నాడు గానీ ఈ ఒక్క పాఠం వదిలేశాడు. పిస్టల్ పట్టుకుని చీరను పక్కకు లాగాడు. మడికర్ర అతని మణికట్టు మీద పడింది. పిస్టల్ నీళ్ళ గుండిగలో మునిగింది. దాన్ని ముందుగా అందుకున్నది వాళ్ళ వెనకే వచ్చిన నీలం చీర.

"చేతులెత్తండి మిస్టర్ ఓల్సన్," అంది పంకజాక్షి. ఓల్సన్ ఎత్తాడు. తడిసిన పిస్టల్ పేలుతుందో లేదో తేల్చుకునే తీరిక అతనికి లేదు. ఎల్లప్ప అప్పటికే సందు చివర ఉన్నాడు.

నడవలో దామోదరం మూడోసారి నంబరు తిప్పితే అవతల ఫోన్ మోగింది.

"చీఫ్! వ్యాన్ వచ్చిందా?"

"నా ఎదుటే ఉంది. తానులన్నీ ఒక్కలాగే ఉన్నాయయ్యా. డ్రైవర్ తొందరపెడుతున్నాడు, గేటు ఎత్తుతున్నారు."

"దించమనండి! జటాయువు బొమ్మ తాను! రోలర్ చివర లక్క!"

చెక్కమీద చెక్క పడిన చప్పుడు. కేకలు. గుడ్డ చరచరా విప్పిన చప్పుడు. తర్వాత లక్క పగలగొట్టిన చప్పుడు.

"దొరికింది," అన్నాడు పరంధామయ్య.

దామోదరం అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్న నడవలో.

వారం తర్వాత బ్యూరోవాళ్ళు సాక్ష్యంగా యంత్రాన్ని ఊడదీయడానికి తిరుపతి వెళ్ళారు. వరదమ్మ మడికర్ర పట్టుకుని అడ్డం నిలబడింది. మీ దొంగను మీరు తీసుకుపొండి, చీర ఆరేది ఎట్ట? చీఫ్ రెండు రోజులు ఆలోచించి, యంత్రాన్ని అక్కడే ఉంచమని సంతకం పెట్టాడు. ఇప్పుడు ఖాళీ గదిని దేశభద్రత దృష్ట్యా అలాగే చల్లబరుస్తున్నారు. రోజూ పదకొండింటికి ఎర్రలైటు ఆరు రెప్పలు వేస్తుంది. మెకానిక్‌ను మాత్రం పిలవకూడదని ఫైల్లో దామోదరం స్వయంగా రాసిపెట్టాడు.